కెన్‌కెన్ పజిల్: ఎక్కాలు నేర్చే పిల్లలకు 4×4తో మొదలుపెడితే మంచిది

జపాన్‌కు చెందిన లెక్కల మాస్టారు తెత్సుయా మియామోతో 2004లో తన విద్యార్థుల కోసం తయారుచేసిన పజిల్ ఇది. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఇంతకన్నా మంచి అంకెల పజిల్ దొరకడం కష్టం. కూడికలు, ఎక్కాలు ఎలాగూ సాధన అవుతాయి. అసలు లాభం వేరే ఉంది: ఈ గడిలో ఈ అంకే ఎందుకు రావాలో పిల్లలు కారణం వెతుక్కోవాలి.

4×4 గళ్ల పజిల్‌లో ప్రతి అడ్డువరుసలో, నిలువువరుసలో 1 నుంచి 4 దాకా ఒక్కో అంకె ఒక్కసారే రావాలి. మందపు గీత గీసిన రెండు గళ్ల గుంపులో 7+ అని ఉంటే ఆ రెండు అంకెలూ కూడితే 7 రావాలి, కాబట్టి అక్కడ 3, 4 తప్ప ఇంకేవీ పట్టవు. 3− అంటే 1, 4. తీసివేతలో ఏ అంకె ముందు రాసినా ఫర్వాలేదు. ఇది ముందే చెప్పకపోతే పెద్ద అంకె ఎడమవైపే ఉండాలనుకుని పిల్లలు ఇరుక్కుపోతారు.

సుడోకు అలవాటున్నవాళ్లు చేసే పొరపాటు ఇంకొకటి. గుంపులో కూడా అంకె రెండోసారి రాకూడదనుకుంటారు. ఎల్ ఆకారంలో మూడు గళ్లున్న 4× తీసుకోండి. 1, 2, 3, 4లలో మూడు వేర్వేరు అంకెలు గుణిస్తే 4 రానే రాదు. కొసల్లోని రెండు గళ్లు ఒకే వరుసలో లేవు కాబట్టి వాటిలో ఒకే అంకె పెట్టొచ్చు: కొసల్లో 1, 1 ఉంటే మూలలో 4, కొసల్లో 2, 2 ఉంటే మూలలో 1. ఈ ఒక్కటి అర్థమైతే సగం పజిల్ వచ్చేసినట్టే!

3×3 నియమాలు నేర్పడానికే పనికొస్తుంది. దాన్ని నింపే పద్ధతులు మొత్తం 12 మాత్రమే కాబట్టి త్వరగా పాతబడుతుంది. 4×4కి 576 ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. మాటల్లో ఇచ్చే లెక్కలకు, కొలతలకు ఇది సాయపడదు. జవాబు చూసుకుంటే అంకెలు తెలుస్తాయి గానీ ఎక్కడ దారి తప్పామో తెలియదు. ఊహించి రాసిన అంకె తప్పని తెలిసేసరికి ఐదారు గళ్లు నిండిపోయి ఉంటాయి. అందుకే పెన్సిలే వాడించండి, వీలున్న అంకెలన్నీ గడి మూలలో చిన్నగా రాయించండి. చెరపకుండా 4×4 పూర్తిచేస్తున్నారంటే 6×6 ఇవ్వొచ్చు. అక్కడ 2÷ అంటేనే 1-2, 2-4, 3-6 అని మూడు జతలు చూసుకోవాలి.