లక్నవరం దీవి మీద రాత్రి బస: తిండి, కల్లు, గోల్ఫ్ సంగతి

మన హన్మకొండ వాళ్లు ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు పోతే పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇంట్లో పడాల్సిందే. పదకొండింటికి చేరేసరికి వేలాడే వంతెన మీద కాలు పెట్టే సందుండదు. ఫొటోలు దిగి, బోటెక్కి, ఎండకు తలనొప్పి తెచ్చుకుని తిరిగొస్తారు. డిసెంబర్‌లో బెంగళూరు నుంచి అక్కాబావలు రావడంతో మేం మాత్రం రాత్రి అక్కడే ఉన్నాం. నన్నడిగితే లక్నవరం చూడాల్సింది సాయంత్రం ఐదు దాటాక, మళ్లీ పొద్దున తొమ్మిదిలోపు. మధ్యలోది పార్కింగ్ టెన్షనే.

కాకతీయులు ఈ చెరువు కట్టిన తీరు కూడా జనం పలచబడ్డాకే అర్థమవుతుంది. చుట్టూ గుట్టలు. వాటి మధ్య సన్నటి లోయలున్న చోట చిన్న చిన్న కట్టలు వేశారు, మిగతా అడ్డం గుట్టలదే. నీళ్లు నిండాక మునగని గుట్టలు దీవులయ్యాయి. మనకు సముద్రం లేదన్న లోటును కొంతైనా తీర్చేది ఇదే.

బసకు దీవుల మీదే టూరిజం వాళ్ల కాటేజీలున్నాయి. వంతెన దాటి నడిచిపోయేవి పాతవి. మూడో దీవి మీదివి 2024 చివర్లో తెరిచారు, అక్కడికి బోటులోనే పోవాలి. కొత్తవి, స్విమ్మింగ్ పూల్ ఉంది, అద్దె కూడా ఎక్కువే. పిల్లలుంటే ఆ డబ్బుకు న్యాయం జరుగుతుంది. మా అమ్మలాగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వస్తే మాత్రం బోటు ఎక్కడం, దిగడం గురించి ముందే ఆలోచించుకోండి. వంతెన వైపైతే సామాను చేత్తో మోసుకోవాలి, చక్రాల సూట్‌కేసు ఆ పలకల మీద నడవదు. శని, ఆదివారాలు వదిలేసి మంగళవారమో బుధవారమో చూసుకుంటే అదే కాటేజీ రెండింతలు బాగుంటుంది.

తిండి విషయంలో ఒకటే మాట. దీవి మీద ఆకలయ్యాక ఆర్డర్ ఇస్తే లాభం లేదు. గదిలో దిగగానే రాత్రి భోజనం చెప్పేయండి. మేం మధ్యాహ్నం మాత్రం దారిలోనే తిన్నాం. ములుగు దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న మెస్‌లో జొన్న రొట్టె, నాటుకోడి కూర. కారం గట్టిగానే ఉంది, బావ రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు గానీ రొట్టె వదల్లేదు. మర్నాడు ఇంకో దాబాలో కొర్రమీను పులుసు అని చెప్పి, ఆ రేటే వేసి, బొచ్చె చేప పెట్టారు. అమ్మ మొదటి ముద్దకే పట్టేసింది.
"కొర్రమీనుకు నడిమి ముల్లు తప్ప ఇన్ని సన్న ముళ్లెక్కడివి బిడ్డా?" అని వడ్డించే పిల్లవాణ్ణే అడిగింది.
బిల్లు తగ్గించారు. మీరు మాత్రం చేప కోయకముందే చూపించమనండి.

ఇక తాగడం. చలికాలం కాబట్టి ఈతకల్లు దొరికింది. పొద్దున్నే చెట్టు మీంచి దించగానే తాగితే తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులిసి తలకెక్కుతుంది. కల్లు గీసే గౌడన్న లొట్టి (కల్లు కుండ) దించి మన కళ్ల ముందే పోస్తే తాగండి, రోడ్డు మీద సీసాల్లో పెట్టి అమ్మేది వద్దు. అందులో మత్తుమందు కలుపుతారనే భయం ఊరికే పుట్టింది కాదు. తాగాక బోటు షికారు జోలికి పోవద్దు, నీళ్లు లోతు.

బావకు గోల్ఫ్ పిచ్చి. "ఇంత పచ్చదనం పెట్టుకుని కోర్సు లేదేంట్రా?" అని రోజంతా నస.
"గోల్ఫ్ కావాలంటే హైదరాబాద్‌లో నయాఖిలా పక్కకు పో బావా, ఇక్కడ అడవి ఉంది, ఆ బంతి పోతే కోతులు తెచ్చివ్వవు" అన్నాను. గోల్కొండ కోట గోడల నీడలో ఉన్న ఆ కోర్సు మంచిదేనట, తిరుగు ప్రయాణంలో ఆడి పోయాడు. నిజానికి ఇక్కడ ఇంకో గోల్ఫ్ కోర్సు కోసం చెట్లు కొట్టకపోతేనే మేలు.

రామప్ప ఎలాగూ దారి పక్కనే. 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. తొందరపడి చూసి రావద్దు, గైడును పెట్టుకుని నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) దగ్గర నిలబడండి. గుడి చూశాక పక్కనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీద కూర్చోవచ్చు. అక్కడా కాటేజీలున్నాయి, వంతెనలూ బోట్లూ వద్దనుకునే పెద్దవాళ్లకు లక్నవరం కన్నా అదే హాయి.

బొగత జలపాతం ఈసారి వదిలేశాం. దాని అందం వానాకాలంలోనే, డిసెంబర్‌లో అంత దూరం పోవడం దండగ.

ఇంకో మాట. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగేటప్పుడు ఇటు వైపు విహారానికి రాకండి. అమ్మవార్ల దర్శనానికైతే తప్పకుండా రండి గానీ, ఆ రోజుల్లో ములుగు దాటాక రోడ్డంతా బండ్లే.