గోవిందరాజస్వామి గుడి దగ్గరి నాటుమందుల అంగడి: కషాయం సరుకులకు నమ్మి వెళ్ళొచ్చు

నేను తిరుపతిలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నాను. అరవై మంది పిల్లలుంటారు. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాయంటే ఒక గదిలో మొదలైన జలుబు వారం తిరక్కుండానే అన్ని గదులూ చుట్టేస్తుంది. అందుకే అక్టోబరు నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర సాయంత్రం టీ బదులు కషాయం ఇస్తాం. ఆ సరుకంతా నేను కొనేది గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో, ఒక సందులో ఉన్న పాత నాటుమందుల అంగడిలో. బోర్డు మీద పేరు వెలిసిపోయింది, చదవడానికి రాదు. పెద్దాయన, ఆయన కొడుకు, ఇద్దరే చూసుకుంటారు.

ఈ అంగడిలో ఏదీ పొడికొట్టి డబ్బాల్లో పోసి అమ్మరు. నేను ఇక్కడికే వెళ్ళడానికి ముఖ్యమైన కారణం అదే. శొంఠి కొమ్ములు, మిరియాలు, పిప్పళ్ళు, కరక్కాయలు, తానికాయలు, ఎండిన ఉసిరి, అతిమధురం పుల్లలు, పెన్నేరు గడ్డలు, నేలవేము కట్టలు అన్నీ గోనెసంచుల్లో నోరు తెరిచి ఉంటాయి. చేత్తో తీసి, విరిచి, వాసన చూసి కొనుక్కోవచ్చు. పొడిలో ఏం కలిసిందో మనకెలా తెలుస్తుంది? శొంఠి కొమ్మును విరిస్తే మాత్రం లోపల పురుగు పట్టిందో లేదో వెంటనే కనబడుతుంది, ఘాటు ముక్కుకు తగులుతుంది. కరక్కాయలు అడిగితే పెద్దాయన పక్కనున్న చెంబులో రెండు పడేస్తాడు. మునిగినవి బరువైనవి, మంచివి. తేలినవి పక్కన పెట్టేస్తాడు. గింజ తీసేసి పెచ్చు మాత్రమే వాడాలని చెప్పి మరీ ఇస్తాడు. దగ్గు వచ్చిన పిల్లలకు నేను ఆ పెచ్చు చిన్న ముక్క బుగ్గన పెట్టుకోమంటాను.

దాల్చిన చెక్క దగ్గర ఈయన చూపించిన నిజాయితీ ఇంకెక్కడా చూడలేదు. "స్వామీ, దాల్చిన చెక్క పావుకిలో" అన్నాను మొదటిసారి. "వంటకా, మందుకా?" అని అడిగాడు. రోజూ పిల్లలకు కషాయంలో వేస్తానంటే లోపలికెళ్ళి రెండు రకాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి మందంగా, గట్టిగా, ఒకే పొరతో ముడుచుకుని ఉంది. కిరాణా కొట్లో మనకు మామూలుగా దొరికేది అదే, దాన్ని కాసియా అంటారు. రెండోది పలుచని పొరలు ఒకదానిలో ఒకటి చుట్టిన చుట్టలాగా ఉంది, వేలితో నొక్కితే పొడిపొడిగా విరిగింది. అది సిలోన్ చెక్క. ధర చాలా ఎక్కువ. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది రోజూ ఎక్కువ మోతాదులో ఒంట్లోకి వెళ్తే కాలేయానికి మంచిది కాదు. బిర్యానీలో ఎప్పుడో ఒక ముక్క వేస్తే ఏమీ కాదు. నెలల తరబడి తాగించేటప్పుడు చూసుకోవాలి. నేను సిలోన్ చెక్కే తీసుకుంటున్నాను.

మేం కాచేది 2020లో కరోనా సమయంలో కేంద్ర ఆయుష్ శాఖ చెప్పిన క్వాథమే. ఎండు తులసి ఆకు నాలుగు పాళ్ళు, దాల్చిన చెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. మనిషికి మూడు గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్ళు. మా అరవై మందికి లెక్కేస్తే తులసి 80 గ్రాములు, చెక్క 40, శొంఠి 40, మిరియాలు 20, తొమ్మిది లీటర్ల నీళ్ళు. పొడి ఏ వారానికావారం మిక్సీలో వేసుకుంటాం, నిలవుంటే వాసన పోతుంది. మరిగించి వడగట్టి, బెల్లం కలిపి, దించాక నిమ్మరసం పిండుతాం. ఇది తాగితే జబ్బే రాదని పిల్లలకు నేనెప్పుడూ చెప్పను. గొంతుకు హాయిగా ఉంటుంది, ముక్కు దిబ్బడ తగ్గినట్టుంటుంది, వానాకాలంలో వేడివేడిగా ఏదో ఒకటి కడుపులో పడుతుంది. జ్వరం గట్టిగా పట్టుకుంటే కషాయం పక్కన పెట్టి రుయా ఆసుపత్రికి తీసుకెళ్తాం. డెంగీ ఉందో లేదో రక్తపరీక్ష చెప్పాలి కానీ, జ్వరానికని కాచే నేలవేము కాదు.

ఇమ్యూనిటీ పెంచుతుందని చాలామంది వాడే తిప్పతీగ గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాని వల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల గురించి 2021లో ముంబై డాక్టర్లు రాశారు. ఆ తర్వాత, 2022లో, ఆయుష్ శాఖ తిప్పతీగ మంచిదేనని, దాన్ని పోలిన క్రిస్పా అనే ఇంకో తీగతో పొరబడొద్దని చెప్పింది. పెద్దాయన దగ్గర పచ్చి తీగ ముక్కలే ఉంటాయి. ఒకటి అడ్డంగా కోసి చూపించాడు: మధ్య నుంచి అంచుకు బండిచక్రం ఆకుల్లా గీతలు, పైన కాగితంలా ఊడొచ్చే పొర, దాని కింద పచ్చదనం. ఆ రెండో తీగ బూడిదరంగులో ఉండి ఒళ్ళంతా బొడిపెలుంటాయట. పొడి కొంటే ఈ తేడా ఎవరు పట్టుకోగలరు? ఇంత చూసినా హాస్టల్ కషాయంలో నేను తిప్పతీగ వేయను. ఏ పిల్ల ఏ మందు వాడుతోందో అన్నీ నాకు తెలియవు. కీళ్ళవాతం లాంటి జబ్బులకు ఇమ్యూనిటీని తగ్గించే మందులు వాడేవాళ్ళు "ఇమ్యూనిటీ పెంచే" వాటి జోలికి సొంతంగా వెళ్ళకూడదు.

మా వదిన అశ్వగంధ కొందామని నాతో వచ్చింది. అదే పెన్నేరు గడ్డ. యూట్యూబ్‌లో చూసిందట. పెద్దాయన తూకం వేసే ముందే "మాత్రలేమన్నా వాడుతున్నావామ్మా?" అని అడిగాడు. థైరాయిడ్ అని చెప్పగానే తక్కెడ దించేశాడు. "ఈ గడ్డ థైరాయిడ్‌ను కదిలిస్తుంది తల్లీ. డాక్టరునడుగు, లేదా టీటీడీ వాళ్ళ ఆయుర్వేద ఆసుపత్రిలో చూపించుకో. సరేనంటే అప్పుడిస్తా" అన్నాడు. వదినకు కోపమొచ్చింది. నాకైతే ఆయన మీద గౌరవం పెరిగింది. చేతికొచ్చిన బేరం వదులుకునే అంగడివాళ్ళు ఎంతమంది ఉంటారు? ఊళ్ళో ఒక పెద్ద స్టోర్‌లో "ఇమ్యూనిటీ" అని రాసున్న లేహ్యం డబ్బా చేతికిచ్చిన కుర్రాడు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వెనక చదివితే పదార్థాల్లో మొదటి పేరు చక్కెర. షుగర్ ఉన్న మా అత్తకు అది ఎలా పెట్టను?

ఈ అంగడిలో బాగుచేసుకోవాల్సినవీ ఉన్నాయి. సరుకు పాత పేపర్లో పొట్లం కడతారు. సిరా తినే వస్తువుకు అంటుకుంటుంది, అది అస్సలు మంచిది కాదు. నేను డబ్బాలు తీసుకెళ్తాను, మీరూ తీసుకెళ్ళండి. సరుకు ఎప్పుడు వచ్చిందో రాసి పెట్టరు. అతిమధురం ఇచ్చేటప్పుడు బీపీ ఉందా అని కొడుకు అడగడు. అది ఎక్కువగా వాడితే బీపీ పెరుగుతుంది కాబట్టి తప్పకుండా అడగాలి, ఆ మాట అతనికి నేరుగానే చెప్పాను. వీలైతే పెద్దాయన కూర్చున్నప్పుడే వెళ్ళండి. ఆయన ఉదయం పూటే ఉంటాడు.

సందులో బండి పెట్టడానికి చోటుండదు, నడిచే వెళ్ళాలి. బ్రహ్మోత్సవాలప్పుడు ఆ వైపు అడుగు పెట్టలేం, సరుకు ముందే తెచ్చుకోండి. సిలోన్ చెక్క, పిప్పళ్ళు ఒక్కోసారి ఉండవు. కావాలంటే చెప్పి పెడితే తెప్పిస్తారు, అడ్వాన్స్ కూడా అడగరు.