గిట్‌ల్యాబా, ఫోర్జేయోనా? చిన్న టీముకి ఏది మేలు?

మాదాపూర్, కూకట్‌పల్లి వైపు చిన్న సాఫ్ట్‌వేర్ టీములు నడిపే మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. "కోడ్ సొంత సర్వర్‌లో పెట్టుకుందామనుకుంటున్నాం. గిట్‌ల్యాబ్ వేయమంటారా, గిటీనా?" ఈ రెండూ టీము కోడ్‌నీ, దాని మార్పుల చరిత్రనూ సొంత సర్వర్‌లో ఉంచి బ్రౌజర్‌లో చూపించే సాఫ్ట్‌వేర్లు. ఈమధ్య అలాంటిదే ఫోర్జేయో పేరు కూడా వినిపిస్తోంది. మొన్న ఒక టీముకి నేను ఫోర్జేయోనే పెట్టి వచ్చాను. ఎందుకో చెబుతాను. గిట్‌ల్యాబే సరైన చోట్లు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

చాలామంది ఫీచర్ల పట్టిక, ర్యామ్ లెక్క చూసి తేల్చేస్తారు. నేను ముందు అడిగేది వేరు. సర్వర్ డిస్క్ ఈ రాత్రి పోయిందనుకోండి. రేపు సాయంత్రానికల్లా ఇంకో మెషిన్ మీద అంతా మళ్లీ నిలబెట్టగల మనిషి మీ దగ్గర ఉన్నారా? ఆ మనిషి పెళ్లికని వరంగల్ వెళ్లి ఉంటే, రాసిపెట్టిన కాగితం చూసి రెండోవాళ్లు ఆ పని చేయగలరా? దీనికి అవునని చెప్పగలిగిన సాఫ్ట్‌వేరే మీకు మేలు.

వాడేది మార్పుల చరిత్రను దాచే గిట్ కదా, కోడ్ అందరి ల్యాప్‌టాప్‌లలోనూ ఉంటుందిగా అంటారు. నిజమే, క్లోన్ చేసుకున్న (పూర్తి కాపీ దించుకున్న) ప్రతి ఒక్కరి దగ్గరా చరిత్రతో సహా ఉంటుంది. కానీ ఇష్యూలు (బగ్గులు, పనుల నమోదులు), మెర్జ్ రిక్వెస్టుల (నా మార్పులు కలపండని అడిగే విన్నపాల) మీద జరిగిన చర్చ, ఏ రిపోలో (ఒక ప్రాజెక్టు కోడ్ ఉండే చోటులో) ఎవరికి ఏ హక్కులున్నాయో ఆ వివరాలు, సీఐ (కోడ్‌ను తనంతట తానే పరీక్షించి బిల్డ్ చేసే ఏర్పాటు) కోసం దాచిన పాస్‌వర్డులు క్లోన్‌లో రావు. అవి సర్వర్ డేటాబేస్‌లో ఉంటాయి. ఫలానా ఫంక్షన్ ఇంత వింతగా ఎందుకు రాశారో తెలియాలంటే చాలాసార్లు ఆ చర్చలే దిక్కు. రాసినాయన అప్పటికే ఉద్యోగం మారిపోయి ఉంటాడు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సొంత సైట్‌లోనే ఇలాంటిది జరిగింది. ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే తీసేశారు. బ్యాకప్‌ల కోసం వెతికితే, పోస్ట్‌గ్రెస్ (వాళ్ల డేటాబేస్) వెర్షన్ తేడా వల్ల డంప్‌లు, అంటే బ్యాకప్ ఫైళ్లు, అసలు పడటమే లేదని తెలిసింది. పడలేదని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టవశాత్తూ సుమారు ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) ఒకటి ఆదుకుంది. గిట్ రిపోలు పోలేదు. ఆ ఆరు గంటల్లో రాసిన ఇష్యూలు, కామెంట్లు మాత్రం పోయాయి. వాళ్లు ఈ సంగతంతా దాచకుండా రాసిపెట్టారు, అందుకు వాళ్లంటే నాకు గౌరవం. సర్వర్ పెట్టేవాళ్లందరూ దాన్ని ఒకసారి చదవాలి.

ఇప్పుడు గిట్‌ల్యాబ్ సంగతి. ఒక్క ప్యాకేజీ వేస్తే పోస్ట్‌గ్రెస్, రెడిస్, ఎన్‌జినెక్స్, ప్యూమా, సైడ్‌కిక్, గిటాలీ అనే ప్రోగ్రాములన్నీ కలిసి వస్తాయి. 8 జీబీ ర్యామ్ అయినా లేకపోతే నేను పెట్టను. బ్యాకప్‌కి కమాండ్ ఒకటే, కానీ దాంట్లో కాన్ఫిగ్ ఫైలు, సీక్రెట్స్ ఫైలు రావు. పెట్టె, తాళంచెవి ఒకేచోట ఉండకూడదని కావాలనే అలా చేశారు. ఈటీసీ అనే సిస్టమ్ ఫోల్డర్ కింద ఉండే ఆ రెండు ఫైళ్లను మీరే విడిగా దాచుకోవాలి. సీక్రెట్స్ ఫైలు లేకుండా రిస్టోర్ చేస్తే సీఐ వేరియబుల్స్ (సీఐ కోసం దాచిన పాస్‌వర్డుల్లాంటివి) చదవలేరు, టూ-ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడిగే లాగిన్) పెట్టుకున్నవాళ్లు లాగిన్ కాలేరు. పైగా బ్యాకప్ ఏ వెర్షన్‌లో తీశారో సరిగ్గా అదే వెర్షన్ కొత్త మెషిన్‌లో వేయాలి. కమ్యూనిటీ ఎడిషన్‌లో తీసింది అయితే అదే ఎడిషన్ వేయాలి.

అప్‌గ్రేడ్‌దీ అదే టెన్షన్. ప్రతినెలా మూడో గురువారం కొత్త వెర్షన్ వస్తుంది. ఏడాదిపాటు పట్టించుకోకుండా ఒకేసారి పైకి దూకడం కుదరదు. 17.5, 17.8, 17.11 లాంటి మజిలీల్లో ఆగి, వెనకాల నడిచే మైగ్రేషన్లు (డేటాబేస్ మార్పులు) పూర్తయ్యాక ముందుకెళ్లాలి. పోనీ అప్‌గ్రేడ్ మానేద్దామంటే అదీ వీలుకాదు. 2024 జనవరిలో గిట్‌ల్యాబ్‌లో బయటపడ్డ లోపం పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్‌ను దొంగ అడ్రసుకి కూడా పంపించేది. తీవ్రత స్కోరు 10కి 10. టూ-ఫ్యాక్టర్ ఉన్నవాళ్ల ఖాతాలు మాత్రం పూర్తిగా చేతులు మారే ప్రమాదం తప్పింది. ప్యాచ్‌లు వచ్చిన రోజే వేయగల మనిషి ఉంటేనే గిట్‌ల్యాబ్ జోలికి వెళ్లండి.

అలాంటి మనిషి ఉంటే మాత్రం గిట్‌ల్యాబ్ గొప్పది. దాని సీఐకి ఇక్కడ సాటి లేదు. పైప్‌లైన్లు (బిల్డ్ దశలు), రిజిస్ట్రీ (తయారైన ప్యాకేజీలు దాచేచోటు), ఎన్విరాన్‌మెంట్లు (ప్రోగ్రాం నడిచే చోట్లు) అన్నీ ఒకేచోట కుదురుగా ఉంటాయి. యాభై మంది డెవలపర్లు, రోజూ రిలీజులు, ఆడిట్ అడిగే విదేశీ క్లయింట్లు ఉన్న గచ్చిబౌలి కంపెనీకి నేనైనా అదే చెబుతాను.

పదిమంది టీముకి ఫోర్జేయో. గిటీ 2016లో గాగ్స్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయింది. 2022 అక్టోబరులో గిటీని ఒక కంపెనీ కిందకి తీసుకెళ్లాక, బెర్లిన్‌లోని కోడ్‌బర్గ్ సంఘం అండతో అదే డిసెంబరులో ఫోర్జేయో మొదలైంది. 2024 నుంచి పూర్తిగా వేరు దారి. వాడకంలో రెండూ ఇప్పటికీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

గో భాషలో రాసిన ఒకే బైనరీ (నేరుగా నడిచే ఫైలు), ఒక కాన్ఫిగ్ ఫైలు, ఒక డేటా ఫోల్డర్. చిన్న టీముకి ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే డేటాబేస్) చాలు, 1 జీబీ ర్యామ్‌తో నడిచిపోతుంది. బ్యాకప్ అంటే రాత్రి కాసేపు సర్వీస్ ఆపి, ఆ ఫోల్డర్‌నూ కాన్ఫిగ్‌నూ కాపీ చేసి, మళ్లీ స్టార్ట్ చేయడమే. డంప్ కమాండ్ ఉంది గానీ దానికి జతగా రిస్టోర్ కమాండ్ లేదు, అందుకే నేను ఫోల్డర్ కాపీనే నమ్ముతాను. కొత్త మెషిన్‌లో ఫోల్డర్ల దారి మారితే హుక్స్‌ను (కోడ్ పంపగానే నడిచే చిన్న స్క్రిప్టులను) మళ్లీ తయారు చేయించే కమాండ్ ఒకటి నడపాలి, ఇది చాలామంది మరచిపోతారు. కాన్ఫిగ్‌లోని సీక్రెట్ కీ పోతే ఇక్కడా టూ-ఫ్యాక్టర్ చిక్కే, కాబట్టి ఆ ఫైలు ఇంకోచోట కూడా ఉండాలి. వెర్షన్లలో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం ప్యాచ్‌లు వచ్చేది) తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన 11 అలాంటిదే.

ఫోర్జేయోలో లోటు సీఐ. దానికోసం యాక్షన్స్ ఉన్నాయి, గిట్‌హబ్ యాక్షన్స్‌ను పోలి ఉంటాయి, అచ్చంగా అవే కావు. పాత వర్క్‌ఫ్లో ఫైళ్లు (బిల్డ్‌లో ఏం చేయాలో రాసినవి) కొన్ని మార్చాల్సి వస్తుంది. రన్నర్‌ను (బిల్డ్‌లు నడిపే ప్రోగ్రాంను) వేరే మెషిన్‌లో పెట్టండి, బిల్డ్ జోరుమీద ఉన్నప్పుడు రిపో సర్వర్ ఊపిరాడక ఆగిపోకూడదు.

మిగతావి క్లుప్తంగా. గాగ్స్‌తో కొత్తగా మొదలుపెట్టొద్దు. ఇద్దరు ముగ్గురే ఉండి వెబ్ పేజీ అక్కర్లేకపోతే ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే దారి) మీద బేర్ రిపో (కోడ్ చరిత్ర మాత్రమే ఉండే ఫోల్డర్) చాలు, హక్కులు విడదీయాలంటే గిటోలైట్ అనే సాధనం. ఇదే పని చేసే బిట్‌బకెట్ సర్వర్‌కి 2024 ఫిబ్రవరితో సపోర్ట్ ఆగిపోయింది.

ఎక్కడ పెట్టాలన్నది రెండో ప్రశ్న. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దొరికే పాత డెస్క్‌టాప్ కూడా ఫోర్జేయోకి సరిపోతుంది. డిస్క్ మాత్రం కొత్త ఎస్ఎస్‌డీ వేయండి, ఎండాకాలం కరెంటు కోతలకి యూపీఎస్ తప్పనిసరి. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాసార్లు సొంత పబ్లిక్ ఐపీ (బయటినుంచి నేరుగా చేరగల నెట్ చిరునామా) ఉండదు. స్టాటిక్ ఐపీ (మారని చిరునామా) తీసుకున్నా సరే, లాగిన్ పేజీని ఊరందరికీ తెరిచిపెట్టకుండా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వెనక ఉంచండి. 2022 నవంబరు నుంచి ఏడబ్ల్యూఎస్‌కి (అమెజాన్ క్లౌడ్‌కి) హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడి డేటా సెంటర్లు, ఉంది, రాత్రి బ్యాకప్ అక్కడికి పంపితే ఆఫీసులో నీళ్లొచ్చినా నిప్పంటుకున్నా ఒక కాపీ మిగులుతుంది.

ఇప్పటికే గిటీ నడుపుతున్నవాళ్లకి ఒక మాట. మీది 1.22 లేదా అంతకన్నా పాతదైతే ఫోర్జేయో 10 మీదుగా మారే దారి ఉంది. 1.23 దాటితే ఆ దారి మూసుకుపోయింది. అప్పుడు గిటీలోనే ఉండిపోండి, బ్యాకప్ పద్ధతి దానికీ ఇదే.