మూడో పక్క, మూడో పాట

బీటిల్స్ బృందంలో ఒకరైన జార్జ్ హారిసన్ ఆల్బమ్ ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ యాభై ఏళ్ల సంచిక పెట్టె విప్పగానే నేను మొదటి డిస్కు జోలికి పోలేదు. రెండోది పెట్టి, నేరుగా మూడో పాటకు వెళ్లాను. ‘బ్యాలడ్ ఆఫ్ సర్ ఫ్రాంకీ క్రిస్ప్’. 1970లో మూడు రికార్డులుగా వచ్చినప్పుడు కూడా అది రికార్డుల మూడో పక్కన మూడో పాటే. నేను దాన్ని మొదట విన్నది మా అన్నయ్య క్యాసెట్‌లో. ఆ క్రిస్ప్ ఎవరో, పాటలో ఉన్నది ఏ తోటో అప్పుడు తెలియదు. తెలియకుండానే మనసుకు పట్టేసింది. ఈ పెట్టెకు పెట్టిన డబ్బు దండగా కాదా అన్నది నా వరకు ఈ ఒక్క పాట మీదే తేలాలి.

తోట సంగతి ముందు చెప్పాలి. ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున హెన్లీ అనే ఊరుంది. అక్కడ సుమారు 120 గదుల ఫ్రయర్ పార్క్ భవనాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాంక్ క్రిస్ప్ అనే న్యాయవాది తన ఊహకు తగ్గట్టు తీర్చిదిద్దుకున్నారు. వృత్తి చట్టం, ప్రాణం మాత్రం సూక్ష్మదర్శినిలోనూ మొక్కల్లోనూ. ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరానికి తోటలో రాళ్లతో నమూనా కట్టించారు. నేల కింద గుహలు తవ్వించి వాటిలో గడ్డం మరుగుజ్జుల బొమ్మలు పెట్టించారు. సరస్సులు, వాటి మీదుగా అడుగు రాళ్లు, గోడల మీద చెక్కించిన సూక్తులు. గడ్డి మీద నడవరాదని అందరూ బోర్డు పెడతారు కదా, ఈయన ‘గడ్డికి దూరంగా ఉండకండి’ అని పెట్టించారు. నాకు ఆ మనిషి మీద అభిమానం పుట్టింది ఆ బోర్డు గురించి చదివినప్పుడే. జనం వచ్చి చూసేందుకు తోటను తెరిచి ఉంచేవారు కూడా.

1919లో ఆయన పోయారు. తర్వాతి కాలంలో అక్కడ కాథలిక్ సన్యాసినులు బడి నడిపారు. 1970 మొదట్లో హారిసన్ కొనేనాటికి తోట పొదలు కమ్మేసి ఉంది. బీటిల్స్ విడిపోతున్న రోజులవి. పక్కన ఉన్నవాళ్లతో మాటలు తెగిపోతున్న సమయంలో, ఎప్పుడో యాభై ఏళ్ల కిందట పోయిన ఇంటి పెద్దతో ఆయన స్నేహం కట్టారు. పాట పేరులో ‘సర్ ఫ్రాంక్’ కాస్తా ‘ఫ్రాంకీ’ అయింది. ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరి మధ్య చనువు అది.

పాటలో కథ లేదు. ఫిర్యాదు లేదు. ఇంటాయన అతిథిని చెయ్యి పట్టుకుని తిప్పి చూపిస్తున్నట్టు ఉంటుంది, అంతే. హాలు గుండా, తలుపు దాటి, నీటి ఫౌంటెన్ దగ్గరికి, గుహల్లోకి, చల్లటి నీడల బాటల్లోకి. అక్కడక్కడ పాతకాలపు ఇంగ్లీషు మాటలు పడతాయి, గోడ మీది శాసనం చదువుతున్నట్టు. పియానో తొందరపడదు. పీట్ డ్రేక్ వాయించిన పెడల్ స్టీల్ గిటార్, అంటే స్వరాలను జార్చుతూ పలికించే గిటార్, దూరం నుంచి సాగుతూ వస్తుంది. నాలుగు నిమిషాలు కూడా నిండకుండానే సన్నబడి ఆగిపోతుంది, నడక ఇంకా మిగిలే ఉన్నట్టు.

ఈ పాట సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, రాలేదు. అయినా దీన్ని ఇష్టపడేవాళ్ల ఇష్టం వేరు. 2009లో హారిసన్ పాటల సంకలనం తెచ్చినప్పుడు, పెద్ద పెద్ద హిట్లు ఎన్నో ఉండగా, పేరుకు ఈ పాటలోని ‘లెట్ ఇట్ రోల్’ అన్న మాటనే తీసుకున్నారు. అదే ఏడు వచ్చిన తన హారిసన్ నివాళి రికార్డులో అమెరికన్ గాయకుడు జిమ్ జేమ్స్ దీన్ని పాడారు. నాకు తెలిసిన ఒకామె కొత్త ఇంట్లో సామాన్లు దింపిన రాత్రి, ఇంకా మంచం కూడా బిగించకముందే, నేల మీద కూర్చుని ఈ పాట పెట్టుకున్నానని చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. ఫ్రయర్ పార్క్ ఈనాటికీ సొంత నివాసమే, హెన్లీ వెళ్లినా గేటు దగ్గర ఆగిపోవాల్సిందే. లోపలికి మనకున్న దారి ఈ పాట ఒక్కటే.

ఇక సంచిక మాట. 1970 నాటి ధ్వనిలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ ప్రతిధ్వనిని గుమ్మరించారు. 2001లో మళ్లీ విడుదల చేసినప్పుడు, అది ఇప్పుడు కాస్త ఎక్కువగా అనిపిస్తోందని హారిసనే రాశారు. ఆ సంచిక అట్ట గుర్తుందా? పచ్చిక మీద ఆయన, నాలుగు మరుగుజ్జు బొమ్మలు. రంగులద్దిన ఆ అట్ట చిత్రంలోకి ఎత్తైన భవనాలు, రోడ్లు మెల్లగా చొరబడుతుంటాయి. నాకు ఎప్పుడు చూసినా గుండె కలుక్కుమంటుంది. 2021 నాటి ఈ సంచికలో మొదటి నలుపు తెలుపు అట్ట తిరిగి వచ్చింది. ధ్వని ఇంజనీరు పాల్ హిక్స్ చేసిన కొత్త మిక్స్‌లో, అంటే గొంతులూ వాయిద్యాలూ మళ్లీ పాళ్లు చూసి కలిపిన రూపంలో, ప్రతిధ్వని తగ్గింది, గొంతు ముందుకొచ్చింది.

ఇదే ఆల్బమ్‌లోని ‘వా వా’ లాంటి పాటకు ఇది నిజంగా మేలు చేసింది, ఏ వాయిద్యం ఎక్కడుందో ఇన్నాళ్లకు తెలిసింది. తోట పాట విషయంలో నేను ఒప్పుకోలేకపోయాను. పాత మిక్స్‌లో ఆయన ఆ పెద్ద హాలు అవతలి కొసన నిలబడి పిలిచేవారు. ఇప్పుడు పక్కన నిలబడి పాడుతున్నారు. ఊపిరి కూడా వినిపిస్తుంది, అది అందమే. కానీ ఇంటి వైశాల్యం పోయింది. ఈ పాటకు పొగమంచు కావాలి. గదిలో స్పీకర్ల మీద నేను పాతదే పెడతాను, హెడ్‌ఫోన్లకు కొత్తది.

మరి పెట్టె ఎందుకు కొనాలంటే, మూడో డిస్కు కోసం. 1970 మే 26న హారిసన్, బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్, బాస్ గిటార్ మీద క్లౌస్ ఫోర్మన్, ముగ్గురే కూర్చుని చేసిన తొలి నమూనా రికార్డింగులు అందులో ఉన్నాయి. తోట పాట రెండో టేకు, అంటే రెండోసారి పాడి రికార్డు చేసినది, దొరుకుతుంది. హంగులు లేవు. ఆ ఇంట్లో కాపురం పెట్టి నెలలు కూడా సరిగ్గా గడవని మనిషి గొంతు అది, ఇంకా ఏ తాళంచెవి ఏ గదిదో వెతుక్కుంటున్నట్టు. నేను వరసగా ఆరుసార్లు విన్నాను. మూడు రికార్డుల మామూలు సంచికలో ఇది లేదు, కొనేముందు చూసుకోండి.

పెట్టెలో హారిసన్ భార్య ఒలీవియా కూర్చిన పుస్తకంలో చేతిరాత పాటలు, డైరీ పేజీలు ఉన్నాయి. తీరిగ్గా చూడదగినది. వాయిద్యకారులు అప్పటికప్పుడు కలిసి వాయించిన జామ్ సెషన్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగలేదు. దాదాపు వెయ్యి డాలర్ల చెక్కపెట్టె సంచిక ఇంకొకటి వచ్చింది. అందులో అట్ట మీది బొమ్మల చిన్న ప్రతిరూపాలతో పాటు, ఫ్రయర్ పార్క్‌లో కొట్టేసిన ఓక్ చెట్టు చెక్కతో చేసిన పుస్తక గుర్తు ఉంటుంది. బొమ్మల మీద నాకు ఆశ లేదు. ఆ చెక్కముక్కను మాత్రం ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడాలని ఉంది.

కొన్నవాళ్లు ముందు మూడో డిస్కులోది వినండి. ఆ వెంటనే రెండో డిస్కులోది. మధ్యలో ఇంకే పాటా పెట్టకండి.