రివర్ మీద పడ్డ జాకీ

బెంగళూరులో ఉండగా రెండేళ్లు వాడిన పోకర్ యాప్ మీద రివ్యూ ఇది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం తెచ్చాక ఆన్‌లైన్ డబ్బాటలు ఆగిపోయాయి, కాబట్టి ఎవర్నీ డౌన్‌లోడ్ చేసుకోమనో వద్దనో చెప్పడానికి రాయట్లేదు. మనసులో ఉండిపోయింది, చెప్పేస్తున్నా.

ఒక ఆట ఇప్పటికీ కళ్లముందే ఉంది. నా దగ్గర రెండు ఆసులు, అవతలివాడి దగ్గర రెండు జాకీలు. టర్న్, అంటే టేబుల్ మీద నాలుగో ముక్క, పడ్డాక ఇద్దరం ఆల్ ఇన్, ఉన్న చిప్స్ అన్నీ పందెం. మిగిలిన 44 ముక్కల్లో వాణ్ణి గెలిపించేవి రెండంటే రెండే, మిగతా రెండు జాకీలు, నూటికి ఐదు వంతులు కూడా కాదు. రివర్, అంటే ఆఖరిదైన ఐదో ముక్క, తిప్పేముందు యాప్ ఒక్క క్షణం ఆగేది. ఊపిరి బిగబట్టాను. కళావరు జాకీ! 6,400 రూపాయల చిప్స్ గలగలమంటూ అటువైపు జారిపోయాయి.

ముక్క పడకపోవడం నాకు కొత్త కాదు, ఊళ్లో రమ్మీ చూస్తూ పెరిగాను. అక్కడ ఓడినవాడు ముక్కలు పడేసి టీకి లేస్తాడు, మళ్లీ కలిపి పంచేలోగా కోపం కాస్త దిగుతుంది. ఇక్కడ ఆ వ్యవధి ఇచ్చేవారు కాదు. ఓడిన మరుక్షణం, మళ్లీ డబ్బు వేస్తే అదనంగా ఇస్తామంటూ 'రీలోడ్ బోనస్, 10 నిమిషాలే' అని తెర నిండా వెలిగేది. ఆ జాకీ పడ్డ రాత్రి దాన్ని మూడుసార్లు నొక్కాను.

యాప్ ముక్కలు మార్చిందని అనను. హ్యాండ్ హిస్టరీ, అంటే ఆడిన ప్రతి ఆట రికార్డు, చక్కగా ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. కూర్చుని లెక్కపెట్టాను. ఆసులతో మొదట్లోనే ఆల్ ఇన్ వెళ్తే చిన్న జత మీద పదికి ఎనిమిదిసార్లు గెలవాలి. నావి 31 ఆటలు, 24 గెలిచాను. లెక్క దాదాపు సరిపోయింది. నాకు గుర్తున్నవి మాత్రం ఓడిన ఆ ఏడే. ఎవరు గెలిచినా పాట్‌లో, అంటే మొత్తం పందెం డబ్బులో, 5 శాతం యాప్ వాళ్లకి పోయేది, అది వేరే.

సంక్రాంతికి ఒంగోలు వెళ్తే లొకేషన్ చూసి టేబుల్స్ తెరవనిచ్చేది కాదు, ఆంధ్రలో 2020 నుంచే నిషేధం కదా. ఆ నాలుగు రోజులూ "మొహం తేటపడిందిరా" అనేది అమ్మ.

గెలిచిన డబ్బు మర్నాటికల్లా బ్యాంకులో పడేది, అందుకే రెండు స్టార్లు. మిగతా మూడు ఎందుకివ్వలేదంటే, డిపాజిట్ లిమిట్ పెంచమంటే ఐదు నిమిషాల్లో పెంచారు. తగ్గించమని అడిగితే ఆరు రోజులు తిప్పారు. ఆ ఆరు రోజుల్లో పోయింది 11,000.