నారాలో బస, కోయాసాన్ కొండ మీద ఒక రాత్రి

జపాన్ వెళ్లేవాళ్లలో చాలామంది క్యోటోలో హోటల్ తీసుకుని, నారాను ఒక పూటలో చుట్టేసి వస్తారు. మేం నారాలోనే దిగాం. మీకూ అదే చెప్తాను. 710 నుంచి 784 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, జపాన్ రాజధానిగా వెలిగిన ఊరు ఒక పూటలో ఏం చూస్తాం?

ఊళ్లోనే ఉంటే తోదాయ్‌జీ ఆలయానికి పొద్దున్నే వెళ్లొచ్చు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ వరకు ఏడున్నరకే తెరుస్తారు. టూరిస్టు బస్సులు రాకముందు ఆ 15 మీటర్ల కంచు బుద్ధుణ్ణి తీరిగ్గా చూసుకోవచ్చు. 752లో ఈ విగ్రహానికి నేత్రోన్మీలనం, అంటే కుంచెతో కళ్లు దిద్దే వేడుక, చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆయన కుంచెకు కట్టిన పొడవాటి తాడును అక్కడికొచ్చినవాళ్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ కుంచె, తాడు షోసోయిన్ భాండాగారంలో నేటికీ ఉన్నాయి. అది తెలిసి చూస్తే ఒళ్లు పులకరిస్తుంది.

బయట జింకలు బిస్కెట్ కోసం తల వంచి దణ్ణం పెడతాయి, ఆలస్యమైతే చొక్కా పట్టి లాగుతాయి. చిన్నపిల్లలుంటే జాగ్రత్త.

క్యోటో నుంచి కింతెత్సు అనే ప్రైవేటు కంపెనీ రైలు ఎక్కితే దిగిన చోటు నుంచి పార్కుకు నడిచిపోవచ్చు. అందులో జేఆర్ (జపాన్ రైల్వేస్) పాస్ చెల్లదు. హోర్యూజీ ఆలయానికి మాత్రం జేఆర్ రైలే సుఖం. ప్రపంచంలోకెల్లా పాత చెక్క కట్టడాలు ఇంకా నిలిచి ఉన్నది అక్కడే, వదలొద్దు.

శాకాహారులకు భోజనమే పెద్ద టెన్షన్. కూరగాయలే కనిపించే నూడుల్స్‌లో కూడా రసం చేపదై ఉంటుంది. అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు. ఆవిడ కడుపునిండా తిన్నది కోయాసాన్‌లోనే. 9వ శతాబ్దంలో కూకాయ్ అనే బౌద్ధ భిక్షువు స్థాపించిన ఈ క్షేత్రంలో యాభైకి పైగా ఆలయాలు యాత్రికులకు బస ఇస్తాయి. నువ్వులతో చేసే మెత్తటి గోమాదోఫు, సముద్రపు నాచు, పుట్టగొడుగుల రసం, అన్నం, పచ్చళ్లు అన్నీ చిన్న చిన్న గిన్నెల్లో తెచ్చి ముందు పెడతారు. రేటు ఎక్కువే, కానీ రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ సాధారణంగా అందులోనే. కొన్ని ఆలయాల్లో తెల్లవారుజామున హోమం కూడా చూడొచ్చు.

చాలాచోట్ల స్నానాల గది ఉమ్మడిది, పడక చాప మీద పరుపు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే మంచం ఉందో లేదో ముందే అడగండి. ఒసాకా నంబా నుంచి రైలు, తర్వాత కేబుల్ కారు, ఆపైన బస్సు. ఇన్ని మారాలి కాబట్టి పెద్ద సూట్‌కేసులు కొరియర్లో తర్వాతి హోటల్‌కి పంపేసి, చిన్న బ్యాగుతో ఎక్కండి. సుమారు 800 మీటర్ల ఎత్తు, వసంతంలోనూ చలే. స్వెటర్ చేతిలోనే ఉంచుకోండి.