ఉట్నూరులో ఒక రాత్రి: బండి మీద వచ్చేవాళ్లు ధైర్యంగా దిగదగ్గ లాడ్జి

హన్మకొండ నుంచి బండి మీద ఆదిలాబాద్ కొండల్లోకి పోతే రాత్రి ఎక్కడ పడుకోవాలని మా దోస్తులు చాలాసార్లు అడిగారు, ఇన్నాళ్లూ నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడుంది. ఉట్నూరు బస్టాండ్ నుంచి నడిచిపోయేంత దూరంలో, కింద కిరాణా కొట్టు, పైన 8 గదులు ఉన్న చిన్న లాడ్జి. బోర్డు ఎండకు వెలిసిపోయి రాత్రిపూట అస్సలు కనపడదు, కొట్టు పక్కన ఇరుకు మెట్లు చూసి గుర్తుపట్టాలి. ఇద్దరికి గది అద్దె 900 రూపాయలు. మేము ఉన్నది ఒక్క రాత్రే అయినా ఇంత పెద్దగా రాస్తున్నానంటే, ఆ ఒక్క రాత్రి సరిగ్గా గడవబట్టే మా మిగతా ప్రయాణం నిలబడింది.

మేము పోయింది డిసెంబర్ రెండో శనివారం. నేను, మా బావమరిది, రెండు బండ్లు. పొద్దున 7కే బయల్దేరాలనుకున్నాం కానీ ఇంట్లో పని తెమిలేసరికి 11 అయింది, కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి మీదుగా వచ్చి రాయపట్నం వంతెన మీద గోదావరి దాటేసరికే నాలుగు దాటింది. జన్నారంలో చాయ్ తాగి లేచేటప్పటికి పొద్దు వాలుతోంది. అక్కడి నుంచి కవ్వాల్ అడవి, 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవి అది, రెండు పక్కలా టేకు చెట్లు, మధ్యలో రోడ్డు, చాలాసేపు ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. పగటిపూట ఎంత బాగుంటుందో చీకటి పడితే అంత టెన్షన్ పెడుతుంది. పైగా చలి. తెలంగాణలో చలికాలం అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలు ఎక్కువగా పాత ఆదిలాబాద్ జిల్లాలోనే నమోదవుతాయని పేపర్లో ఏటా చదువుతాం కదా, చదవడం వేరు, గ్లవ్స్ లేని చేతులతో హ్యాండిల్ పట్టుకోవడం వేరు. మా బావమరిది గ్లవ్స్ ఇంట్లోనే మరిచిపోయాడు. మధ్యమధ్యలో బండి ఆపి వేడి సైలెన్సర్ దగ్గర చేతులు కాచుకుంటూ వచ్చాడు.

దీనికి తోడు నా బండి క్లచ్ వైరు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నట్టు లివర్ దగ్గర తెలుస్తోంది, గేరు మార్చిన ప్రతిసారీ గుండె జారింది. అడవిలో అది పూర్తిగా తెగితే ఏం చేయాలో ఇద్దరికీ తెలియదు.

ఏడున్నరకు ఉట్నూరు చేరాం. ముందే ఫోన్‌లో మాట్లాడి, 500 రూపాయలు పంపి పెట్టుకున్న గది ఒకటి ఉంది, ఆ చోటి పేరు నాకు అనవసరం. అక్కడికి పోతే పెళ్లివాళ్లు వచ్చారని అన్ని గదులూ వాళ్లకే ఇచ్చేశారు. మా డబ్బులు తిరిగి ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. కానీ ఒక ఫోన్ చేసి చెప్పి ఉంటే మేము జన్నారంలోనే ఆగిపోయేవాళ్లం కదా అంటే జవాబు లేదు. రాత్రిపూట అడవి దాటి వస్తున్న మనుషులకు గది లేదన్న సంగతి గుమ్మంలో చెప్పడం చాలా తప్పు, నాకు ఇప్పటికీ కోపంగానే ఉంది.

రోడ్డు మీద బండ్లు పెట్టి ఏం చేయాలో తోచక నిలబడితే కిరాణా కొట్టు ఆవిడే పిలిచింది. యాభై ఏళ్లు ఉంటాయి. గది అడగకముందే, 'చలికి వణుకుతున్నరు, ముందు లోపటికి రండ్రి తమ్మీ' అంది. కొట్టు వెనక గోదాము షట్టర్ ఎత్తించి, పప్పు బస్తాలు ఇంత పక్కకు జరిపించి, రెండు బండ్లూ లోపల పెట్టించింది. బండి మీద ఊళ్లు తిరిగేవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో చెప్పనక్కర్లేదు, బండి రోడ్డు మీద ఉంటే రాత్రంతా ప్రతి చప్పుడుకీ లేచి కిటికీలోంచి చూస్తాం, నిద్ర పట్టదు, తెల్లారి ఘాట్ ఎక్కేటప్పుడు కళ్లు మూసుకుపోతాయి. షట్టర్‌కు తాళం వేసి, 'పొద్దుగాల ఐదున్నరకు తీస్త, అంతకు ముందు కావాల్నంటే లేపుండ్రి' అంది. అన్నట్టుగానే ఐదున్నరకు తీసింది.

గది సంగతి. రెండు మంచాలు, ఉతికిన దుప్పట్లు, సబ్బు వాసన వస్తున్నాయి. గోడకు ఒక మూల చెమ్మ ఉంది. మొదట ఇచ్చిన రగ్గు పలచన, అడిగితే ఇంకో రెండు తెచ్చి ఇచ్చింది, అడగకుండానే ఇస్తే ఇంకా బాగుండేది. ప్లగ్ పాయింట్ ఒక్కటే, రెండు ఫోన్లు, ఒక పవర్ బ్యాంక్ ఉన్నవాళ్లు వంతులు వేసుకోవాలి. కిటికీ జాలీ చిరిగింది, చలికాలం కాబట్టి దోమలు లేవు, వానాకాలం వెళ్లేవాళ్లు చూసుకోండి. బాత్రూం శుభ్రంగా ఉంది కానీ తలుపు గడియ వదులు. గీజర్ లేదు. కింద కట్టెల బాయిలర్ పెట్టి, పొద్దున ఐదు నుంచి బకెట్లతో వేడినీళ్లు ఇస్తారు, మెట్ల మీదుగా మనమే మోసుకోవాలి, ఆ మెట్లకు లైటు లేదు. ఇది మాత్రం తప్పకుండా బాగుచేయాలి. వేడినీళ్ల బకెట్టుతో చీకటి మెట్లు ఎక్కడం ప్రమాదం, ఒక బల్బు పెడితే సరిపోతుంది, ఆవిడకు కూడా చెప్పి వచ్చాను.

భోజనం లాడ్జిలో లేదు, ఎదురుగా మెస్ ఉంది. జొన్నరొట్టెలు అప్పటికప్పుడు చేతితో తట్టి కాల్చి ఇచ్చారు. వంకాయ కూర, పల్లికారం, పచ్చి ఉల్లిగడ్డ. ఇద్దరం కలిపి 9 రొట్టెలు తిన్నాం, బిల్లు 190. ఆదిలాబాద్ వైపు జొన్నరొట్టె తినకుండా ఫ్రైడ్ రైస్ తిని వచ్చేవాళ్లంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తిని వచ్చాక కొట్టు కట్టేస్తూ ఆవిడ రేపటి దారి అడిగింది. మేము తెల్లారి ఆరింటికే బయల్దేరి కెరమెరి ఘాట్ మీదుగా, కొమురం భీం పోరాడిన జోడేఘాట్ పోదామనుకుంటున్నాం అని చెప్పాం. వెంటనే వద్దంది. 'పొద్దుగాల మంచు ఉంటది తమ్మీ, మలుపు కాడ ఎదురొచ్చే బస్సు కనపడది. ఎనిమిది దాటినంక పోండ్రి, జోడేఘాట్ యాడికి పోతది?' క్లచ్ వైరు సంగతి చెబితే అప్పుడే తెలిసిన మెకానిక్‌కు ఫోన్ కలిపింది. అతను పొద్దున ఏడింటికి గోదాము దగ్గరికే వచ్చి, పాత వైరు బయటికి తీసి చూపించాడు, రెండే పోగులు మిగిలి ఉన్నాయి. ఆ రెండు పోగుల మీద ఘాట్ ఎక్కుదామనుకున్నాం! కొత్త వైరు, కూలీ కలిపి 350 తీసుకున్నాడు. మా బావమరిది బండి చైన్ కూడా వదులైందని చూసి బిగించాడు, దానికి డబ్బులు అడగలేదు. 'బావా, మనం ముందు బుక్ చేసుకున్న గది దొరికి ఉంటే పొద్దున ఆరింటికి ఘాట్‌లో ఉండేవాళ్లం' అన్నాడు మా వాడు. నేను కూడా అదే ఆలోచిస్తున్నాను. మెత్తటి పరుపు, టీవీ ఉన్న గదులు ఎక్కడైనా దొరుకుతాయి, రేపు పోయే దారి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి ఉన్న చోటుకే నేను డబ్బులు ఇస్తాను.

పోహా తిని, చాయ్ తాగి ఎనిమిదింబావుకు కదిలాం. ఇక్కడి టిఫిన్ బండ్ల మీద ఇడ్లీతో సమానంగా పోహా నడుస్తుంది, మహారాష్ట్ర పక్కనే కదా. జైనూర్ దగ్గర ఆవిడ చెప్పినట్టే మార్లవాయికి తిరిగాం. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధులు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. 1940లో కొమురం భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి పంపిన మనిషి ఆయన, ఈ ఊళ్లోనే ఉండి పనిచేశాడు. పుస్తకాల్లో చదివిన పేరు, ఒక చిన్న ఊరి మధ్యలో అలా కనపడితే కాసేపు మాట రాలేదు. ఇది నాకు ఏ మ్యాప్‌లోనూ తగలలేదు, కిరాణా కొట్టు ఆవిడ చెబితేనే తెలిసింది.

ఘాట్‌లో తొమ్మిదిన్నరకు కూడా కింది లోయల్లో మంచు ఇంకా ఉంది. ఒక మలుపులో ఆర్టీసీ బస్సు దాదాపు రోడ్డంతా తీసుకుని వచ్చింది, వెలుతురు ఉంది కాబట్టి దూరం నుంచే చూసి పక్కకు ఆగాం. ఆరింటికి అదే మలుపు ఎలా ఉండేదో ఊహించుకోవడం కూడా నాకు ఇష్టం లేదు. జోడేఘాట్‌లో భీం విగ్రహం, మ్యూజియం చూసి, ఆ గుట్టల్లో గంటసేపు ఊరికే కూర్చున్నాం, దాని గురించి విడిగా రాయాలి, ఇక్కడ సరిపోదు.

ఎవరికి నచ్చదో కూడా చెప్తాను. చిన్నపిల్లలు, పెద్దవాళ్లతో కారులో వచ్చేవాళ్లకు ఈ మెట్లు, ఈ బకెట్లు కష్టం, కారు పెట్టే చోటు కూడా లేదు. బండి మీద వచ్చేవాళ్లయితే వెనక వైపు గది అడగండి, ముందు గదుల్లోకి తెల్లవారుజామున బస్టాండ్ హారన్లు వినపడతాయి. జాకెట్లు ఆరేసుకోవడానికి పైన దండెం ఉంది. అడవి చీకటి పడకముందే దాటండి, క్లచ్ వైరు ఒకటి బ్యాగులో పెట్టుకోండి, నేను ఇప్పుడు పెట్టుకున్నాను.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతర, దానికి మళ్లీ వస్తాం అంటే ఆ రోజుల్లో గదులు దొరకవు, ఇప్పుడే చెప్పి పొమ్మంది కొట్టు ఆవిడ. అడ్వాన్స్ ఇవ్వబోతే తీసుకోలేదు, నోటుబుక్కులో మా బావమరిది పేరు రాసుకుంది. ఈ జాతర జరిపే గోండుల్లోని మెస్రం వంశస్థులు నాగోబాకు గోదావరి జలం తేవడానికి కాలినడకన జన్నారం మండలంలోని హస్తిన మడుగు దాకా పోయి వస్తారట, మేము బండ్ల మీద వణుక్కుంటూ వచ్చిన ఈ అడవులు దాటుకుంటూ, అదీ చెప్పుల్లేకుండా. ఈసారి ఇంటి నుంచి ఆరింటికే బయల్దేరతాం. మా వాడు గ్లవ్స్ ఇప్పటికే కొన్నాడు.